జేబులో పట్టే కోతి

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, డోర్సెట్ కౌంటీలో వూల్ అనే చిన్న ఊరుంది. లండన్ వాటర్లూ నుంచి వేమత్ వెళ్లే రైలు అక్కడ ఆగుతుంది. ఊరికి దగ్గర్లోనే 65 ఎకరాల్లో మంకీ వరల్డ్. ఒకప్పుడు పాడుబడ్డ పందుల ఫారం. అమెరికా నుంచి వచ్చిన జిమ్ క్రోనిన్ 1987లో దాన్ని కోతులకు ఆశ్రయంగా మార్చారు. అప్పట్లో స్పెయిన్ బీచ్‌లలో పర్యాటకుల పక్కన నిలబెట్టి ఫొటోలు తీయడానికి చింపాంజీ పిల్లల్ని వాడుకునేవారు. చొక్కాలు తొడగడం, కరవకుండా పళ్లు పీకడం, మత్తుమందివ్వడం మామూలే. వాటికి నీడ కల్పించడంతో ఈ చోటు మొదలైంది. 2007లో క్రోనిన్ చనిపోయాక భార్య ఆలిసన్ బాధ్యత తీసుకున్నారు.

నేను వెళ్లింది చింపాంజీల కోసం కాదు. సౌతాంప్టన్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు ఫోన్‌లో ఒక రీల్ చూపించింది. ఎవరి అరచేతిలోనో కూర్చుని ద్రాక్షపండు కొరుకుతున్న మార్మోసెట్ అనే చిట్టి కోతి. “చూడు మామయ్యా, ఎంత ముద్దొస్తోందో! జేబులో పట్టేస్తుంది. దీన్ని పెంచుకుంటే తప్పేంటి?” సమాధానం నాకూ సరిగ్గా తెలియదు. సరే పద, చూసొద్దామన్నాను.

ఆవరణలో మార్మోసెట్లు కొమ్మల మీద నిలువుగా అతుక్కుని ఉన్నాయి. చెవుల పక్కన తెల్లటి కుచ్చులు, చారల తోక, బరువు మూడు నాలుగు వందల గ్రాములు. ఒకటి కర్రను కింది పళ్లతో గీకి గీకి, అందులోంచి ఏదో నాకుతోంది. బ్రెజిల్ అడవుల్లో ఇవి చెట్టు బెరడుకు గాట్లు పెట్టి, ఊరిన బంక తింటాయి. ఇలాంటి చోట్ల వాటికి పెట్టేది మన తుమ్మబంక జాతిదే. మా పిల్ల కాసేపు ఫోన్ దించి అదే చూస్తూ నిలబడింది. రీల్‌లో ఈ పని కనపడదు మరి.

ద్రాక్షపండు పెట్టే ఇంట్లో దీనికి బంక ఎక్కడిది? ఎండ ఎక్కడిది? దక్షిణ అమెరికా కోతులకు విటమిన్ డి3 కావాలి, మొక్కల నుంచి వచ్చే డి2 వాటి ఒంటికి సరిగా పట్టదు. కిటికీ పక్కన పంజరంలో ఉంచితే సరిపోదు, అద్దం ఎండలోని అవసరమైన కిరణాల్ని ఆపేస్తుంది. ఎముకలు మెత్తబడి, కాళ్లు వంగి, చివరికి కొమ్మ ఎక్కలేని స్థితికి వస్తాయి. ఇక ముద్దులాడితే మరో ముప్పు. మన పెదవి మీద లేచే పొక్కులోని హెర్పిస్ వైరస్ మనల్ని కొన్నాళ్లు ఇబ్బంది పెడుతుంది, అంతే; మార్మోసెట్ ప్రాణమే తీయగలదు. అడవిలో ఇవి కుటుంబంగా బతుకుతాయి. కాన్పుకు సాధారణంగా కవలలు. తండ్రి, అన్నలు, అక్కలు వంతులేసుకుని వాటిని మోస్తారు. అలాంటి దాన్ని ఒంటరిగా పెంచేవాళ్లందరూ దుర్మార్గులేం కాదు. చాలామంది ప్రేమగానే పెంచుతారు. చిక్కంతా అక్కడే.

మరి చట్టం ఏం చేస్తోంది? బ్రిటన్‌లో 1976 నాటి ప్రమాదకర వన్యప్రాణుల చట్టం పట్టించుకున్నది పెంచేవాడి పక్కింటివాళ్ల క్షేమాన్ని. కపూచిన్ కోతి గట్టిగా కరవగలదు కాబట్టి దానికి లైసెన్సు కావాలి. మార్మోసెట్ కరిస్తే వేలికి గాటు పడుతుంది, అంతే. అందుకే దానికి లైసెన్సు అక్కర్లేకపోయింది. పాపం, మనిషికి హాని చేయలేకపోవడమే దాని నేరమైంది! దేశం మొత్తం మీద ఇళ్లలో ఐదు వేల దాకా కోతిజాతి జీవులు ఉండొచ్చని ప్రభుత్వ అంచనా. కోతుల పెంపకాన్ని కట్టడి చేసే అంశం కూడా ఉన్న బిల్లు ఒకటి 2021లో పార్లమెంటుకు వచ్చి, 2023లో అటకెక్కింది. తర్వాత 2024లో విడిగా నిబంధనలు తెచ్చారు. వాటి అమలు తేదీ 2026 ఏప్రిల్ 6. మార్మోసెట్ అయినా సరే, జంతుప్రదర్శనశాల స్థాయి వసతులు చూపించి స్థానిక కౌన్సిల్ దగ్గర లైసెన్సు తీసుకోవాలి.

మన దగ్గర చిక్కు మరో రకం. కోతులతో ఆటలాడించడాన్ని కేంద్రం 1998లో నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1972 వన్యప్రాణి చట్టం తన జాబితాల్లోని మన అడవి కోతిని గొలుసేసి ఇంట్లో కట్టుకోనివ్వదు. విదేశీ మార్మోసెట్ సంగతి వేరు. దానికి 2024 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. పిల్ల పుట్టినా, చచ్చినా, చేతులు మారినా చెప్పాలి. ఇది ప్రధానంగా లెక్కాపత్రమే. ఆ కోతికి ఎండ తగులుతోందా, తోడుందా అనేది ఆ లెక్కలో తేలదు. ఈలోగా బ్యాంకాక్ విమానం దిగిన ప్రయాణికుల పెట్టెల్లో మార్మోసెట్లు దొరికాయన్న వార్తలు చెన్నై నుంచి వస్తూనే ఉన్నాయి.

మంకీ వరల్డ్‌కు చేరిన ఇంటి కోతుల్లో మిల్లీ కథ బ్రిటన్ అంతా చదివింది. న్యూపోర్ట్‌లో ఒక ఇంటి యజమానురాలు ఆ మార్మోసెట్‌కు కొకైన్ ఇవ్వజూపింది, టాయిలెట్ గిన్నెలో పడేసి ఫ్లష్ చేసింది. పైగా వీడియో తీసుకుంది. 2021లో కోర్టు ఆమె ఇక జంతువుల్ని పెంచకుండా జీవితకాల నిషేధం విధించింది. మిల్లీకి ఇక్కడ ఒక మగ మార్మోసెట్ తోడు దొరికింది.

తిరుగు రైలు కోసం ఎదురుచూస్తూ మా పిల్ల ఫోన్‌లో పటం తీసింది. “న్యూపోర్ట్ వేల్స్‌లో కదా ఉంది?” అవును. కొత్త లైసెన్సు నిబంధనలు ఇంగ్లండ్‌కు మాత్రమే వర్తిస్తాయి. “అయితే సెవెర్న్ వంతెన దాటితే మళ్లీ పాత కథేనా మామయ్యా?”

పూర్తిగా కాదు. 2006 నాటి జంతు సంక్షేమ చట్టం అక్కడా ఉంది. కాకపోతే ఎవరైనా చూసి ఫిర్యాదు చేస్తే తప్ప కోతి కోసం తలుపు తట్టేవాళ్లుండరు. మిల్లీ ఉన్న ఇంటికి పోలీసులు వెళ్లింది కూడా మాదకద్రవ్యాల సోదాకే. ఆ వీడియోలు ఫోన్‌లో బయటపడ్డాయి.