రాజీ మాట కొట్టేసిన వకాల్తా

తెనాలిలో ఓ పాత డాబా ముందుగదే ఆ ప్లీడరు గారి ఆఫీసు. పొలం గట్ల తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు ఎక్కువగా చూస్తారావిడ. కక్షిదారుకు లాయరు మీద నమ్మకం ఎలా కుదురుతుందో దగ్గరుండి చూడాలని అడిగాను. వచ్చినవాళ్లు ఒప్పుకుంటే కూర్చోమన్నారు.

పొద్దున్నే వచ్చిన పెద్దాయన అభ్యంతరం చెప్పలేదు. తమ్ముడు గట్టు జరిపాడట, ఇంజంక్షన్ కావాలట. కూర్చుంటూనే "సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?" అన్నాడు.

"ఆగండి బాబాయ్, ఇందులో ఏముందో ముందు వినండి" అంటూ ఆవిడ వకాల్తాను ఒక్కో వాక్యం తెలుగులో విడమరిచారు. అచ్చు వకాల్తాలో హాజరయ్యే అధికారంతో పాటు రాజీ పడే అధికారం, కోర్టులో జమైన డబ్బు తీసుకునే అధికారం కూడా మామూలుగా ఉంటాయి. ఇంత హక్కు రాసిచ్చి, ఏం రాశారో తెలియకుండానే ఇంటికెళ్లిన వాళ్లు నాకు చాలామంది తెలుసు. రాజీ మాట దగ్గర పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"నన్నడక్కుండా రాజీ చేసేస్తారా?"

"చెయ్యను. ఆ మాట కొట్టేస్తున్నా, చూడండి."

తర్వాత అడంగల్ అడిగారు. ఆయన కాసేపు నసిగి, ఆ గట్టు గురించే ఒకప్పుడు తమ్ముడికి ఓ కాగితం రాసిచ్చానని బయటపెట్టాడు. ఇక్కడ చెప్పిన మాట గడప దాటదని ఆవిడ ధైర్యం చెప్పారు. అది ఉత్త ఓదార్పు కాదు. 1872 సాక్ష్య చట్టం 126వ సెక్షన్ ఇచ్చిన రక్షణ, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో 132వ సెక్షన్‌గా కొనసాగుతోంది. నేరం చేయడానికి సలహా అడిగితే మాత్రం ఆ రక్షణ ఉండదు.

"ఆ కాగితం దాచి దావా వేస్తే ఇంజంక్షన్ రాదు బాబాయ్. చూపించి వేస్తే కేసు బలహీనం. గెలుస్తామని మాటివ్వలేను."

గెలిస్తే పొలంలో వాటా ఇస్తానన్నాడాయన. గెలుపును బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధమని చెప్పి, తన ఫీజు, కోర్టు ఫీజు విడివిడిగా కాగితం మీద రాసిచ్చారు. దావాకు నెంబరు పడ్డాక 16 అక్షరాల సీఎన్ఆర్ నెంబరు ఇస్తానని, మనవడి ఫోన్లో ఈ-కోర్ట్స్ యాప్ తెరిస్తే వాయిదా ఎప్పుడో, ఏ దశలో ఉందో ఆయనే చూసుకోవచ్చని చెప్పారు. నా మనసుకు బాగా పట్టింది ఇదే. తన పనిని తనిఖీ చేసే వీలు ఆవిడ తానే కక్షిదారు చేతిలో పెడుతున్నారు. మంచి మాటలు ఎన్ని చెప్పినా ఇంత నమ్మకం కలగదు.

చివర్లో ఇంకో దారీ చెప్పారు. దావా వేయకముందే న్యాయ సేవా సంస్థకు అర్జీ పెడితే లోక్ అదాలత్‌లో తమ్ముడితో కూర్చోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన అవార్డు మీద అప్పీలూ ఉండదు. అలా తేలిపోతే ఈవిడకు వచ్చే దావా ఫీజు పోయినట్టే.

పెద్దాయన కాగితాలన్నీ సంచిలో సర్దుకుని, "ఆ అర్జీ కూడా మీరే రాసిపెట్టండమ్మా" అన్నాడు.