‘ఏం లేదులే!’

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని పెద్దలు సామెత చెప్పారు. ఆ సామెత అంత నిజం కాదని యీమధ్య నాకు అనుభవం మీద తెలిసింది. శంఖం వినబడుతూనే ఉంటుంది. అందనిది మాట!

నిరుడు కార్తీకంలో ఒకనాడు తెల్లవారేసరికి నా ఎడమ చెవి మూసుకుపోయింది. కుడి చెవి చిన్ననాటి చీముతో ఏనాడో మందగించింది కనుక నాకున్న ఆస్తి ఆ ఎడమ చెవే. నొప్పి లేదు, జ్వరం లేదు. లోపల కీచురాయి రొద మాత్రం ఉన్నది. జలుబన్నారు, గుబిలన్నారు, వెచ్చని నూనె చుక్క వేయమన్నారు మా కలిదిండిలో ఇరుగుపొరుగువారు. మా ఆవిడ అవేమీ చెవిని పెట్టక, ఆ పూటే నన్ను ఏలూరు బయలుదేరదీసింది.

“గుబిలి కాదు మాస్టారూ! లోపలి చెవికి, నరానికి సంబంధించిన జబ్బు. మూడురోజుల లోపున వినికిడి హఠాత్తుగా పడిపోతుంది. చాలామందిలో కారణం తెలియదు. వెంటనే వచ్చారు కనుక స్టెరాయిడు మందు వాడి చూద్దాం. వారాలు గడిస్తే ఆశ సన్నగిల్లుతుంది” అన్నారు డాక్టరుగారు. హిందీ సినిమా గాయని అల్కా యాగ్నిక్ విమానం దిగి వస్తూండగా ఉన్నట్టుండి ఏమీ వినబడలేదని 2024 జూన్‌లో లోకానికి చెప్పుకొన్నదీ ఇటువంటి నరపు చెవుడు గురించే.

మందుతో సగం వినికిడి తిరిగి వచ్చింది. ఏ సగమంటారా? అచ్చులు వచ్చాయి, హల్లులు రాలేదు! అచ్చుల బలమంతా క్రింది స్థాయి ధ్వనుల్లో ఉంటుంది. స, శ, త, క వంటివి సన్నని ధ్వనులు. నాకు పోయినవి అవే. మన తెలుగు మాటలు అచ్చులతో ముగుస్తాయి కదా, అందుచేత ఎవరు మాట్లాడినా రాగం చక్కగా వినబడుతుంది, సాహిత్యం మాత్రం తెలియదు. పాలో, తాలో, కాలో తేలదు. పోనీ పెదవులు చూద్దామంటే, పడి, బడి, మడి మూడింటికీ అవి ఒక్కలాగే కదులుతాయి. ఇక సందర్భాన్ని బట్టి పూరించుకోవలసిందే. అవధానిగారికి సమస్యాపూరణం సభలోనే. నాకు కాఫీ వేళ నుంచీ అదే పని! రొయ్యల చెరువు గట్టున ఏరేటర్లు తిరుగుతూంటే ఆ పూరణ కూడా సాగదు. రెండు చెవులూ బాగున్నవారు రొదలోనుంచి మాటను ఏరుకోగలరు. నాకు రెండూ కలిసిపోతాయి.

కొందరు జాలితో గట్టిగా అరుస్తారు. అరుపులో పెరిగేవి అచ్చులే. వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచుతుంది గాని, పోయిన స్పష్టతనంతా తెచ్చి ఇవ్వలేదు.

వీటన్నిటికీ అలవాటు పడవచ్చు. అలవాటు కానిది ఒక్కటే. “ఏమన్నావమ్మా?” అని మూడోసారి అడిగితే, “ఏం లేదులే నాన్నా!” అంటుంది మా అమ్మాయి. బస్సు వేళ, ఫీజు గడువు వంటి అవసరమైన మాటలు ఎన్నిసార్లయినా చెబుతారు. పోయేవి అవసరం లేని మాటలు. ఆటపాకకు గూడబాతులు వచ్చాయన్న కబురు, ప్రక్కింటి పెళ్ళిలో జరిగిన తమాషా, పిల్లలు విసురుకొనే చతుర్లు... ఇంటిని ఇల్లుగా ఉంచేవి అవే కదా! అందరూ నవ్విన తరువాత నవ్వేవాడి ఒంటరితనం ఇంతా అంతా కాదు.

దీనికి మా ఆవిడే ఉపాయం కనిపెట్టింది. ముందు పేరు పెట్టి పిలుస్తుంది. ముఖం మీద వెలుతురు పడేలా ఎదుట కూర్చుని, మామూలు గొంతుతో నిదానంగా చెబుతుంది. అందకపోతే అదే ముక్క వల్లించక మరో మాటలో చెబుతుంది. ‘పాలు’ అందలేదా, ‘గేదె ఇచ్చేవి’ అంటుంది! ఇప్పుడు మా అమ్మాయీ ఆ పద్ధతే నేర్చుకొన్నది.

చదువరులకు నా మనవి రెండే. ఇంట్లో ఎవరికైనా రాత్రికి రాత్రే చెవి మూసుకుపోతే నూనె సీసా వెతక్కండి; ఆ రోజే చెవి డాక్టరును చూడండి. వినికిడి తగ్గిన తాతగారో బామ్మగారో ఉంటే, ‘ఏం లేదులే’ అనటం మానండి. ఏదో ఉండబట్టే కదా నోరు తెరిచారు!