కాలువ గట్టున పెరిగే పిల్లలు

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. అబాకస్సా, కోడింగా, వేదిక్ మ్యాథ్సా అని మన పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ చర్చ నడుస్తోంది. ఆ జాబితాలో ఈతను మొదట పెట్టమని అడగడానికే ఇది రాస్తున్నాను. ఈ ఆలోచన నాకు కొన్ని పాత ఫోటోలు చూస్తుంటే వచ్చింది.

మావారి ఉద్యోగరీత్యా 2016 నుంచి మూడేళ్లు నెదర్లాండ్స్‌లో ఉన్నాం. ఆమ్‌స్టర్‌డామ్‌ను ఆనుకునే ఉన్న ఆమ్‌స్టెల్వీన్ మా ఊరు. మన దేశం నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ అంటేనే కాలువలు. ఊరి నడిబొడ్డు చుట్టూ ఒకదాని వెనక ఒకటిగా, అర్ధచంద్రాకారంలో ఉండే పెద్ద కాలువలను 1613లో తవ్వడం మొదలుపెట్టారు. 2010లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ నగర ఆర్కైవ్స్ వాళ్లు పాత ఫోటోలను ఎవరైనా చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. చలికాలంలో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. ఇంట్లో కూర్చుని పాపా నేనూ ఆ ఫోటోలు చూసేవాళ్లం.

వాటిలో జేకబ్ ఓలీ అనే ఆయన తీసినవి చాలా ఉన్నాయి. ఆయన ఒక వృత్తివిద్యా పాఠశాలకు హెడ్మాస్టరుగా పనిచేశారు. రిటైరయ్యాక 1890లలో కెమెరా పట్టుకుని ఊరంతా తిరిగారు. సరుకు పడవలు, వంతెనలు, గట్ల మీద జనం, అన్నీ ఆయన ఫోటోల్లో ఉంటాయి. వాటితోపాటు ఆ కాలపు చలికాలం ఫోటోలు ఎన్నో చూశాం. కాలువ గడ్డకట్టిందంటే అదే ఊరందరి ఆటస్థలం. టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు, పొడవాటి గౌన్లు వేసుకున్న ఆడవాళ్లు, బడి పిల్లలు, అందరూ స్కేట్స్ కట్టుకుని తిరుగుతుంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం ఒక చెక్క కుర్చీని పట్టుకుని ముందుకు తోసుకుంటూ వెళతారు.

నన్ను కట్టిపడేసింది ఇంకో రకం ఫోటో. నీళ్లలో ఒక పిల్లాడు. వాడి నడుముకు తాడు. ఆ తాడు చేపల గాలంలాంటి పొడవాటి కర్రకు కట్టి ఉంటుంది. ఆ కర్రను పట్టుకుని టీచరు గట్టు మీద వాడితోపాటే నడుస్తుంటాడు. అక్కడ ఒకప్పుడు పిల్లలకు ఈత ఇలాగే నేర్పేవారు. "వాడు మునిగిపోతే లాగేస్తాడామ్మా?" అని పాప అడిగింది. "మునగకుండా చూస్తాడు" అన్నాను.

మాది విజయవాడ. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ మనదీ కాలువల ఊరే. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊళ్లోంచే పారుతాయి. మా తాతయ్య కాలంలో సరుకులు పడవల మీదే వెళ్లేవట. అయినా మా ఇంట్లో నీళ్ల దగ్గర దిగిన ఫోటో ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా హాల్లో దండ వేసి ఉన్న మా చిన్న మామయ్య ఫోటో. 1978లో బడి నుంచి వస్తూ బందరు కాలువ గట్టు మీద కాలు జారి పడ్డాడు. పద్నాలుగేళ్లు. ఈత రాదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరినీ నీళ్ల దగ్గరకు వెళ్లనివ్వలేదు. అందుకే మా తరంలో ఎవరికీ ఈత రాలేదు. అమ్మమ్మ భయం నాకు అర్థమవుతుంది. కానీ కాలువ మాత్రం అక్కడే ఉంది.

డచ్చివాళ్లకూ నీళ్లంటే భయమే. ఇంటి ముందు కాలువ పెట్టుకుని వాళ్లు పిల్లల్ని పెంచాలి. అందుకని అయిదేళ్లు దాటేసరికే ఈత తరగతులకు పంపుతారు. వరసగా ఎ, బి, సి అని మూడు డిప్లొమాలు ఉంటాయి. మొదటి పరీక్షలోనే బట్టలు, బూట్లు వేసుకుని నీళ్లలోకి దూకాలి, తేలుతూ ఉండాలి, ఈదాలి. నీళ్లలో పడేవాళ్లెవరూ స్విమ్మింగ్ డ్రెస్ వేసుకుని పడరు కదా! నీళ్లలో వేలాడదీసిన గుడ్డకు ఉన్న రంధ్రంలోంచి కూడా మునిగి ఈదుకుంటూ రావాలి.

2018 మార్చి మొదట్లో కొన్ని రోజులు నగరం మధ్యలోని కాలువలు గడ్డకట్టాయి. మంచు పగలకుండా కొన్ని కాలువల్లో పడవలు ఆపేశారు. ఫోటోల్లో చూసిన కుర్చీ ఆటను పాప కళ్లారా చూసింది. ఆ ఏడాదే ఎ డిప్లొమా కూడా తెచ్చుకుంది. పరీక్ష రోజు వీడియో కాల్‌లో చూపిస్తే, "దాన్ని నీళ్లలోకి పంపావటే!" అని అమ్మ కోప్పడింది. పాప బట్టలతోనే దూకి, మళ్లీ పైకి తేలింది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బట్టలతోనా?" అంది. మళ్లీ ఒకసారి, "బూట్లతోనా?" అంది.

పాప ఇప్పుడు ఈ స్కూల్లోనే తొమ్మిదో తరగతి. మామయ్య పోయినప్పటి వయసు. వాళ్ల క్లాసులో ఈత వచ్చినవాళ్లు ఎంతమందని అడిగితే ఒక చేతి వేళ్లు కూడా నిండలేదు.

అందుకే నాదొక విన్నపం. పిల్లల్ని కాలువల్లో దింపమని నేను చెప్పడం లేదు. మన కాలువల ప్రవాహం, గట్ల వాలు, మురుగు మనకు తెలిసినవే. మంచి కోచ్, నీళ్లను వదిలి కదలని లైఫ్‌గార్డ్ ఉన్న పూల్‌లో చేర్పించండి. చేర్పించేటప్పుడు ఫీజు ఎంతని అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: ఒక్కో కోచ్ దగ్గర ఎంతమంది పిల్లలు ఉంటారు? బట్టలతో నీళ్లలో పడితే ఎలా తేలాలో నేర్పుతారా? ఈత వచ్చాక కూడా పెద్దవాళ్లు తోడు లేకుండా నదికి గానీ కాలువకు గానీ వెళ్లకూడదని గట్టిగా చెప్పండి.

2028లో కృష్ణా పుష్కరాలు వస్తాయి. అప్పుడు ఊరు ఊరంతా నీళ్లలో ఉంటుంది. ఈలోపు మనకు రెండు వేసవులు చాలు. నేను కూడా ఈ ఏప్రిల్‌లో లేడీస్ బ్యాచ్‌లో పేరు ఇచ్చాను. గట్టు మీద నడుస్తూ చెప్పడానికి మా పాప సిద్ధంగా ఉంది.