మార్పు నొందిన తుపాకులు

గృహిణుల పత్రికలో తుపాకుల ప్రసంగ మేల యని మీరు నవ్వుదురేమో. అమెరికాలో కాపురమున్న మే మాలుమగలము పదియేండ్లుగా పాత పటాలపు తుపాకులను సేకరించుచున్నాము. వానిలో మాకు మిక్కిలి ప్రియమైనవి, చెకుముకి తుపాకులుగా పుట్టి, పిదప టోపీ తుపాకులుగా మార్పు నొందినవి.

ఆ మార్పెట్టిదో చెప్పెదము. చెకుముకి తుపాకి గుఱ్ఱము నోట రాయి బిగించి యుండును. మీట నొక్కగనే యా రాయి ఉక్కురేకును గీచి నిప్పురవ్వలు రాల్చును. అవి గిన్నెలోని రంజకము నంటుకొనగా, సన్నని బెజ్జముగుండ లోపలి మందునకు నిప్పు తగులును. రంజకము తడిసెనా, తుపాకి పేలదు. స్కాట్లండు దేశపు క్రైస్తవ మతగురువు అలెగ్జాండరు ఫోర్సైతు, దెబ్బకు భగ్గుమను రసాయనమును తుపాకికి వినియోగించి 1807లో పేటెంటు పొందెను. పిమ్మట ఆ మందును చిన్న రాగిటోపీలో నుంచు పద్ధతి వచ్చెను. 1834లో ఇంగ్లండునందలి వూలిచ్‌లో ఒక్కొక్క విధమున 6,000 మారులు పేల్చి చూడగా, చెకుముకి తుపాకి 900కు పైగా మారులు తప్పెను. టోపీ తుపాకి 36 మారులు మాత్రమే తప్పెను.

అయినను, లక్షలకొలది పాత తుపాకులను పాఱవేయుటకు ఏ ప్రభుత్వమునకు చేతులు వచ్చును? అమెరికావారు 1840 తరువాత వానిని మార్పించిరి. గిన్నెను, ఉక్కురేకును తీసివేసి, మరమేకుల బెజ్జములను పూడ్చి, టోపీ తొడుగుటకు గొట్టముపై బొడిపె నమర్చి, క్రొత్త గుఱ్ఱమును బిగించిరి. 1861లో అంతర్యుద్ధము రాగా ఈ ముసలి తుపాకు లెన్నో ఇరుపక్షముల సైనికుల భుజముల నెక్కెను.

మా తుపాకి యొకదానిపై స్ప్రింగుఫీల్డు ఆయుధశాల ముద్రయు, 1831 అను అంకెయు గలవు. పూడ్చిన బెజ్జములు నేటికిని గుండ్రని మచ్చలవలె కనుపించును.

మార్పు లేని చెకుముకి తుపాకికి వెల హెచ్చు. అందుచే కొందఱు, మార్చినదానికి మరల రాయి, గిన్నె తగిలించి, ఆదినుండియు నట్లే యున్నదని యమ్ముదురు. నిరుడొక వర్తకుడు మా తుపాకిని జూచి, అట్లు చేయించి యిచ్చెదననియు, ధర రెట్టింపగుననియు జెప్పెను. అమ్మాయి కాలేజీ రుసుము చెల్లింపవలసిన నెల యది. మేము రాత్రియెల్ల ఆలోచించితిమి. తుదకు మఱియొక తుపాకిని, దాని మార్పులన్నియు కొనువానికి విప్పి చెప్పి, ఉన్న ధరకే యమ్మితిమి. రుసుమునకు చాలని సొమ్ము నాలుగు నెలలలో తీర్చుకొంటిమి.

అమ్మమ్మ పట్టుచీర చిరిగిన, మన మది మనుమరాలికి పరికిణీగా కుట్టుదుము. ఆ పరికిణీ కుట్లు విప్పి, అతుకులు దాచి, ఇది పాత చీరయే యని యెవరైన నమ్మిన, అమ్మమ్మ చీరయు దక్కదు, అమ్మ కుట్టిన పరికిణీయు దక్కదు. మా తుపాకియు నట్టిదే. 1831లో దానిని చేసిన పనివాడొకడు. పిదప దానికి రెండవ యాయుష్షు పోసిన పనివాడు వేఱొకడు. మొదటివానిపేర ధనమార్జింప రెండవవాని పనిని చెఱుపుట మాకు న్యాయముగా తోపలేదు.

మీ యింటను మార్చి చేయించిన నగలు, అతికించిన పెట్టెలు, కుట్టి తిప్పిన బట్టలు ఉండకపోవు. వానిని మార్చిన దెవరో, ఏ యేట మార్చిరో ఒక చీటిపై వ్రాసి వానితోనే యుంచుడు. మీ పిల్లల కది నగకంటె విలువగల యాస్తి.