తుపానున విరిగిన విమానము

నేలమీద నిలిపిన చిన్న విమానమునకు గాలివానను మించిన శత్రువు లేదు. సెస్నా 172 వంటి నలుగురు కూర్చుండు విమానము గంటకు 60 మైళ్ల పైచిలుకు వేగముననే నేల విడిచి లేచును. అట్టిదానిని మోకులతో కట్టి యుంచినను, గాలి అంతకు రెండింతలై వీచినప్పుడు, మోకులు తెంచుకొని, నడుపువాడు లేకయే యెగిరి, వెల్లకిల పడును. 1992 ఆగస్టు 24వ తేదీని ఆండ్రూ అను పెనుతుపాను అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడాను తాకెను. మయామీ చెంతనున్న టామియామీ విమానాశ్రయమందలి వీక్స్ విమాన ప్రదర్శనశాలయు, అందలి పాత విమానములు పెక్కులును తీవ్రముగా దెబ్బతినెను.

విరిగిన విమానము కథ అంతటితో ముగియదు. బాగుచేయు వ్యయము దాని వెలను మించినచో బీమా సంస్థ యజమానికి సొమ్ము చెల్లించి, శిథిలమును అమ్మివేయును. కొన్నవాడు దానిని విప్పును. చెడని రెక్క, రెక్క విరిగిన మరియొక విమానమున కమరును. కాని ఉప్పునీట నానిన అల్యూమినియము పైకి మెరయుచునే, అతుకుల నడుమ లోలోపల క్షయించును. రంగు వేసినచో ఎవరి కంటికి నగపడును?

అందువలన ఆ దేశమున ఒక పుస్తకము కలదు. విమానమునకు చేసిన మరమ్మతు ఏది, ఏ తేదీని ముగిసినది, చేసినవాని సంతకమును, అనుమతిపత్రపు సంఖ్యయు అందు వ్రాయవలెను. గాయము వ్రాసియున్న విమానమునకు వెల తగ్గును. అయినను అది మరల ఎగురును. వ్రాయని గాయము ఆకాశమున బయటపడును. ఆ తుపాను లెక్కను సైతము శాస్త్రజ్ఞులు పదేండ్లకు మరల పరిశీలించి, తాము తక్కువగా గణించితిమని 2002లో ఒప్పుకొని, నాలుగవ తరగతినుండి అయిదవ తరగతికి మార్చిరి.

ఇది వ్రాయుచుండగా మాకు సిగ్గు కలుగుచున్నది. 1990 మే నెల తుపానున కృష్ణాతీరమందలి మా చేలమీదికి సముద్రపు నీరు వచ్చి, మా ఆయిలింజను రెండు దినములు నానెను. దానిని కడిగించి, రంగు వేయించి, నానిన మాట చెప్పకయే పొరుగూరి రైతున కమ్మితిమి. నారుమడికి నీరు కావలసిన వేళ అది నిలిచిపోయెను. నారు ఎండెను. ఆయన మమ్ము నిందింపలేదు. “ముందే చెప్పివుంటే తక్కువకు కొని, బాగుచేయించుకొని వుందును గదండీ” అని మాత్రమనెను.

మన పెండ్లిమాటలలో జబ్బును దాచుదుము. తప్పిన సంబంధమును దాచుదుము. పిచ్చియెత్తి కుదుటపడిన బిడ్డ మాట మేనమామకు సైతము చెప్పము. దాచువారి నొక్కరినే తప్పుపట్టుట న్యాయము కాదు. లోపము విన్నంతనే మనిషినే త్రోసివేయు వారున్నంతకాలము నిజము చెప్పు ధైర్యము ఎవరికి కలుగును? విరిగిన విమానమును ఎగురజేసినది మరమ్మతు ఒక్కటియే కాదు; గాయమును చదివియు కొనువాడు ఒకడుండుట. మనము చెప్పుట నేర్వవలెను. అంతకు ముందు, వినుట నేర్వవలెను.