బయటి వైపు ఏది?

పెడల్ స్టీల్ గిటార్ మొదటిసారి ఫోన్లో వినిపించినప్పుడు మా నాన్న కళ్ళు మూసుకుని కాసేపు విన్నారు. తర్వాత "ఇది పాడుతోందా, ఏడుస్తోందా?" అని అడిగారు.

ఆ ప్రశ్న కరెక్టే. ఈ గిటార్‌ని ఒళ్ళో పెట్టుకోరు. నాలుగు కాళ్ళ మీద చిన్న బల్లలా నిలబడి ఉంటుంది. ఎడమ చేత్తో తీగల మీద ఒక స్టీల్ కడ్డీని జారుస్తారు, కుడి చేత్తో మీటుతారు. కింద పాదాలతో పెడల్స్, మోకాళ్ళతో లీవర్లు నొక్కితే, మోగుతున్న తీగే పై స్వరానికి సాగుతుంది. 1954లో వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' హిట్ అయ్యాక, అందులో బడ్ ఐజాక్స్ అలా సాగదీసిన స్వరం కోసం అమెరికాలో కంట్రీ పాటల వాళ్ళందరూ ఎగబడ్డారు. దీని తాత హవాయన్ గిటార్ మాత్రం మనకి కొత్త కాదు. 1940ల్లో టావ్ మో అనే హవాయి కళాకారుడు కలకత్తాలో కుటుంబంతో ఉండి వాయించాడు. పాత హిందీ సినిమా పాటల్లో ఆ జారుడు శబ్దం నాన్న తరానికి బాగా తెలుసు.

కొనాలంటే లక్షల్లో మాట. అందుకే థర్డ్ సెమ్ సెలవుల్లో తయారు చేద్దామనుకున్నా. పాత ఇంటి ద్వారబంధం తాలూకు టేకు దొరికింది. అసలు భయం ఎండ్ ప్లేట్ల గురించి.

చెక్క బాడీకి రెండు చివర్లా మూతల్లా వచ్చే లోహపు పలకలే ఎండ్ ప్లేట్లు. చూడ్డానికి అలంకారంలా ఉంటాయి కానీ పైచెక్కనీ, ముందు వెనక పలకల్నీ పట్టి ఉంచేవి అవే. నా డిజైన్‌లో నాలుగు కాళ్ళు బిగిసేది కూడా వాటికే. పది తీగలు కలిపి వంద కిలోలకి పైనే లాగుతాయి. పెడల్ తొక్కినప్పుడు బాడీ కొంచెం వంగినా మిగతా తీగల శ్రుతి దిగిపోతుంది. దాన్ని వాయించేవాళ్ళు క్యాబినెట్ డ్రాప్ అంటారు.

మాకు విజయవాడ ఆటోనగర్లో షాపు ఉంది. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక గ్రైండర్. చిన్నప్పటి నుంచి నాన్న నన్ను అటు రానిచ్చేవారు కాదు. "నీ చేతికి ఆయిల్ అంటకూడదురా" అనేవారు. నేనూ వెళ్ళాలని అనుకోలేదు. స్కూల్ ఫారాల్లో ఫాదర్స్ ఆక్యుపేషన్ దగ్గర ఎప్పుడూ 'బిజినెస్' అని రాసేవాణ్ణి. ఒకసారి ఫ్రెండ్స్ ఏం బిజినెస్ అని అడిగితే 'స్పేర్ పార్ట్స్' అన్నా. అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఈసారి 12 ఎంఎం అల్యూమినియం ప్లేటు ముక్కలు రెండు పట్టుకుని నేనే వెళ్ళా. లాప్‌టాప్‌లో గీసిన డ్రాయింగ్ చూపించా, అన్ని కొలతలూ రెండో దశాంశం వరకూ. నాన్న డ్రాయింగ్ చూసి, స్కేలు తీసి, చెక్కని కొలిచారు. ఒక చివర 240, ఇంకో చివర 238.

"కంప్యూటర్‌కి ఇది తెలుసా?" అన్నారు.

ప్లేటుని చెక్కని బట్టి చెయ్యాలట. చెక్క మీద పెట్టి గీత గీసి, పంచ్ కొట్టి, రెండు ప్లేట్లూ కలిపి క్లాంప్ వేసి ఒకేసారి బెజ్జాలు వేశాం. పైచెక్కకి వచ్చే మూడు బెజ్జాల్లో మధ్యది మాత్రమే బోల్టుకి సరిపడా, అటూ ఇటూవి కొంచెం పెద్దవి. వానాకాలంలో టేకు కొద్దిగా ఉబ్బుతుంది, అల్యూమినియం ఉబ్బదు. చెక్క కదలడానికి చోటు కావాలి. చెక్క చివరి ముఖంలో స్క్రూ గట్టిగా పట్టదని వడ్రంగి బాబాయ్ చెప్పాడు. మంచాలకి వాడే పద్ధతిలో చెక్క కింది నుంచి గుండ్రటి నట్లు దించి, ప్లేటు బయటి నుంచి బోల్టు వాటిలోకి బిగించాలి. ఆ నట్లు నాన్న లేత్ మీద తీశారు. నా ఒక్క టీ పూర్తయ్యేలోపు ఆరు.

కుడి ప్లేటుకి ఒక కిటికీ కావాలి, తీగల్ని శ్రుతి చేసే నట్లు అందులోంచి బయటికి కనిపిస్తాయి. గొలుసులా బెజ్జాలు వేసి, మధ్య ముక్క తీసేసి, ఆకురాయితో అంచులు రుద్దా. అల్యూమినియం ఆకురాయి పళ్ళలో ఇరుక్కుపోతోంది. నాన్న ఏమీ అనకుండా ఒక సుద్దముక్క ఇచ్చారు. ఆకురాయికి సుద్ద పూస్తే లోహం అంటుకోదు. ఇంత చిన్న విషయం నాకు పంతొమ్మిదేళ్ళకి తెలిసింది.

ఇక బోల్టు తలలు కూర్చోడానికి బయటి వైపు 4 ఎంఎం లోతు గుంటలు వెయ్యాలి. నాన్న భోజనానికి వెళ్తూ "నువ్వు వెయ్యి" అన్నారు. మిషన్ నాకు వదిలెయ్యడం అదే మొదటిసారి. రెండు ప్లేట్లూ పక్కపక్కన ఒకేలా పెట్టుకుని చకచకా వేసేశా. కాపీ పేస్ట్ లాగా. అయిపోయాక చెక్కకి ఆనించి చూస్తే గుండె జారిపోయింది. కుడిదీ ఎడమదీ ఒకటి కాదు, అద్దంలో బొమ్మల్లాంటివి. ముందు పలక ఎత్తు, వెనకది పొట్టి కాబట్టి తిప్పి పెట్టడానికీ లేదు. ఎడమ ప్లేటు గుంటలన్నీ చెక్క వైపుకి పడ్డాయి.

నాన్న వచ్చేదాకా ఆ ప్లేటుని గుడ్డ కింద దాచా. వచ్చీ రాగానే గుడ్డ తీశారు. అరుస్తారనుకున్నా. ప్లేటు వెలుతురుకి పెట్టి చూసి, "పన్నెండులో నాలుగు పోయింది. బయటి వైపు ఇంకో నాలుగు తీస్తే?" అన్నారు.

"నాలుగు మిగుల్తుంది."

"బోల్టుకి అది చాలు. లోపలిది చెక్క కింద పోతుంది, ఎవడూ చూడడు."

అప్పుడు చెప్పారు. పనిలో చేరిన కొత్తలో ఆయన కూడా ఒక షాఫ్ట్ మీద మరలు ఎదురు వైపుకి కోసేశారట. మేస్త్రి దాన్ని పారెయ్యకుండా గోడకి వేలాడదీశాడట, ఏడాది పాటు రోజూ కనపడేలా. "అందుకే నిన్ను రానివ్వలేదు" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వులో అది ఒక్కటే కారణం కాదని అర్థమైంది. నేను ఫారాల్లో రాసే 'బిజినెస్' సంగతి ఆయనకి ముందే తెలుసనిపించింది. అడగలేదు. ఆయనా చెప్పలేదు.

మార్కర్‌తో ప్లేటు మీద 'బయట' అని రాసి ఇచ్చారు. ఈసారి ఆయన పక్కనే నిలబడ్డారు.

ప్లేట్లు బిగించాం. ముందు మధ్య బోల్టు, తర్వాత అటూ ఇటూ, కొంచెం కొంచెంగా. కాళ్ళు ఎక్కించి నేల మీద పెడితే ఊగలేదు. నాన్న రెండు చేతులూ ఆనించి బరువంతా వేసి చూశారు. కిర్రుమనలేదు.

పెడల్స్, రాడ్లు ఇంకా కావాలి. ఫోర్త్ సెమ్ అయ్యేదాకా కావు. కానీ ఆగలేక ఒకే ఒక్క తీగ బిగించా. స్టీల్ కడ్డీ లేదు. నాన్న ఒక గుండ్రటి రాడ్డు ముక్క నున్నగా పాలిష్ చేసి చేతికిచ్చారు. తీగ మీటి, దాన్ని మెల్లగా పైకి జార్చా.

పక్క షాపులో గ్రైండర్ ఆగింది. నాన్న తల వంచి విన్నారు.

"ఏడుస్తోంది," అన్నారు. కాసేపాగి, "బానే ఏడుస్తోంది."