నల్లరేగడి నేల మీద కారు లిఫ్ట్

పచ్చళ్ళూ పేరంటాలూ వదిలేసి ఈవిడ కారు లిఫ్ట్ మీద పడిందేమిటా అనుకుంటారేమో. మూడు నెలలుగా మా ఇంట్లో పొద్దున కాఫీ నుంచి రాత్రి మజ్జిగ దాకా అదే మాట. మగవాళ్ళు మోజుపడే వస్తువే, కాదనను. కానీ దాన్ని పెట్టేది మన ఇంట్లో, దాని కింద నిలబడేది మన మనుషులు. ఏది కొనాలో వాళ్ళకే వదిలేస్తే ఎలా?

మావారికి ఆదివారమంటే కారు కింద దూరడమే. ఆయిల్ మార్చడం, బ్రేకులు వేయడం అన్నీ సొంతంగా చేసుకుంటారు. పదిహేడేళ్ళ మా అబ్బాయి వేసవి ఉద్యోగాల్లో కూడబెట్టిన డబ్బుతో పోయినేడు ఒక పాత మియాటా కొన్నాడు. రెండే సీట్లు, అగ్గిపెట్టంత కారు. భోజనాల బల్ల దగ్గర ‘ఊఁ’, ‘ఆఁ’ తప్ప పలకని పిల్లాడు ఆ కారు కింద వాళ్ళ నాన్న పక్కన పడుకుంటే గంటల తరబడి మాట్లాడతాడు. బట్టలు మడతపెట్టే నెపంతో పక్కగదిలో కూర్చుని నేను వింటూ ఉంటాను. వచ్చే ఆగస్టులో కాలేజీకి వెళ్ళిపోతాడు. ఈ పని మానుకోండి అని చెప్పే మనసు నాకెక్కడిది?

భయం మాత్రం ఉంది. మా చిన్న మావయ్యకి విజయవాడ ఆటోనగర్‌లో లారీల పని. నాకు పదకొండేళ్ళప్పుడు, వానాకాలంలో, షెడ్డు బయట తడి నేల మీద జాకీ పెట్టి లారీ ఎత్తాడు. జాకీ కింద పెట్టిన చెక్క ఒక పక్కకి దిగబడిపోయింది. ప్రాణం దక్కింది గానీ కుడి భుజం మళ్ళీ పైకి లేవలేదు. ఎడమచేత్తో తినడం నామోషీ అనుకుని పెళ్ళిళ్ళలో బంతికి కూర్చునేవాడు కాదు. అందరి భోజనాలూ అయ్యాక వంటవాళ్ళ దగ్గర ఓ మూల నాలుగు ముద్దలు తినేసి వచ్చేవాడు.

మావారు జాకీ ఒక్కదాన్నే నమ్ముకునే మనిషి కాదు, స్టాండ్లు కూడా పెడతారు. అయినా టన్నున్నర ఇనుము మొహానికి మూరెడు ఎత్తులో ఉంటే నాకు కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండదు. అందుకే ఆయన లిఫ్ట్ మాట ఎత్తగానే ఖర్చెంత అని కూడా అడగలేదు. “కొందాం, కాకపోతే నేనూ చూస్తాను” అన్నాను. తండ్రీకొడుకులు మొహమొహాలు చూసుకున్నారు.

ఆయన మనసు రెండు స్తంభాల లిఫ్ట్ మీద ఉంది. అటొకటి ఇటొకటి స్తంభం, ఒక్కోదానికి రెండేసి చేతులు. అవి కారుని అడుగు భాగంలో పట్టుకుని ఎత్తుతాయి. నాలుగు చక్రాలూ గాల్లో వేలాడతాయి కాబట్టి బ్రేకుల పనికి అంత హాయి ఇంకోటి లేదు. మెకానిక్ షాపుల్లో మనం చూసేవి ఎక్కువగా అవే. కానీ బరువంతా ఆ రెండు స్తంభాల మొదట్లో ఉన్న బోల్టుల మీదా, ఆ బోల్టులు దిగిన కాంక్రీటు మీదా ఆధారపడి ఉంటుంది. నేల కనీసం నాలుగంగుళాల మందం, 3,000 పీఎస్ఐ బలం ఉండాలని, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ కావాలని తయారుచేసేవాళ్ళే రాస్తారు.

మా నేల మందం ఎంతో చూద్దామని గరాజ్‌లో గోడవార బియ్యం బస్తాలు జరిపాను. పన్నెండేళ్ళుగా ఆ మూల సోనామసూరి తప్ప ఏమీ చూడలేదు మేము. బస్తాల కింద కాంక్రీటులోనే అచ్చు గుద్దినట్టు అక్షరాలు: ఇది పోస్ట్ టెన్షన్ స్లాబ్, కోయకూడదు, రంధ్రాలు వేయకూడదు అని.

ఇక్కడ కాస్త మట్టి గురించి చెప్పాలి. మాది నరసరావుపేట పక్కన పల్లెటూరు. ఎండాకాలం మా చేలో నెర్రెలు ఎంత వెడల్పుగా విచ్చుకునేవంటే, చిన్నప్పుడు నా కాలిపట్టీ అందులో పడిపోతే తీయలేకపోయారు. వాన పడితే అదే నేల ఉబ్బి జిగురై చెప్పు ఊడదీసుకునేది. ఈ డాలస్ చుట్టుపక్కల నేల కూడా అలాంటిదే. నల్లగా ఉంటుంది, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఇళ్ళ పునాదులు కదిలిపోకుండా వేసవిలో ఇంటి చుట్టూ సన్న చిల్లుల పైపులు పరిచి మట్టిని తడుపుతారు. కొత్తగా వచ్చినప్పుడు ‘ఇంటికి నీళ్ళు పోస్తున్నారేమిటి’ అని నవ్వుకున్నాను గానీ, నల్లరేగడి అని తెలియగానే ఇంకెవరూ వివరించక్కర్లేకపోయింది. అలాంటి నేల మీద ఇల్లు నిలవాలని స్లాబులో ఉక్కు తీగలు వేసి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని లాగి బిగిస్తారు. ఒక్కో తీగ మీద సుమారు 30 వేల పౌండ్ల లాగుడు ఉంటుంది. డ్రిల్ పెడుతూ పెడుతూ దాన్ని తెంపితే నేల పగలగొట్టుకుని పైకి లేవగలదు. పక్కనున్న మనిషి సంగతి చెప్పక్కర్లేదు.

తీగలు ఎక్కడున్నాయో స్కాన్ చేసి తప్పించి బోల్టులు వేసేవాళ్ళున్నారు, నిజమే. మావారు అదే అన్నారు. “తీగలు తప్పిస్తారు సరే, స్తంభాలు మనక్కావలసిన చోటే ఖాళీ దొరకాలి కదండీ?” అన్నాను. అదీకాక లిఫ్ట్ అమ్మే ఒకాయన ఫోన్లో ఈ స్లాబు మాట వినగానే “ఏం ఫర్వాలేదు, అందరూ వేసుకుంటున్నారు” అన్నాడు. నేనైతే ఆ ఒక్క మాటతో ఆ కొట్టు వదిలేశాను. ఏ నేలో అడగకుండా ఫర్వాలేదనేవాడు, నాడి పట్టుకోకుండా మందు చీటీ రాసే డాక్టరులాంటివాడు.

కత్తెరలా మడతపడి లేచే లిఫ్టులూ ఉన్నాయి. వాటిలో చాలావరకు నడుము ఎత్తు వరకే లేస్తాయి, కారు మధ్యభాగం కింద యంత్రమే అడ్డం. కారు రెండు పక్కలా పరిచి అడుగున్నరో రెండడుగులో ఎత్తే చిన్న ఫ్రేములు కూడా వస్తాయి, పనయ్యాక గోడకి నిలబెట్టేయొచ్చు. ఇంటి కప్పు ఎనిమిదడుగులే ఉండి, ఆయిలూ బ్రేకులూ చాలనుకునేవాళ్ళకి నేను అవే చెబుతాను. మాకు మాత్రం మూడు కార్లు, రెండు కార్ల గరాజ్. మియాటా ఎండకీ వడగళ్ళకీ బయట నిలబడి ఉంది.

చివరికి నాలుగు స్తంభాల లిఫ్ట్ దగ్గరికి వచ్చాం. కారు రెండు పొడవాటి పట్టాల మీదికి ఎక్కుతుంది, పట్టాలతో సహా పైకి లేస్తుంది, దాని కింద ఇంకో కారు పెట్టుకోవచ్చు. ఇందులో కొన్ని మోడళ్ళకి నేలలో బోల్టులు అక్కర్లేదు. ఎవరో చెప్పారని కాదు, ఆ మోడల్ మాన్యువల్లోనే ఆ మాట రాసి ఉండాలి. ఇబ్బంది ఏమిటంటే చక్రాలు పట్టాల మీదే ఉండిపోతాయి. వాటిని ఊడదీయాలంటే పట్టాల మధ్య జరిగే జాకీ ఒకటి వేరే కొనాలి.

మరి ఆ బరువు నేల ఓర్చుకుంటుందా? నేను చదివింది తెలుగు బీఏ, అయినా కూడికలూ భాగహారాలూ వచ్చు. లిఫ్ట్ 1,800 పౌండ్లు, మియాటా 2,400. మొత్తం 4,200. నాలుగు కాళ్ళకి పంచితే కాలికి వెయ్యిన్నీ చిల్లర. నా ఒడిస్సీ వ్యాన్ ఒక్కటే 4,500 పౌండ్లు, అంటే దాని ఒక్కో చక్రం ఇప్పటికే ఆ నేల మీద అంతకన్నా ఎక్కువ మోపుతోంది. ఈ లెక్క కాగితం మీద వేసి ఫ్రిజ్ మీద అంటించాను. అయినా స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించి చూపించి, ఆయన సరేనన్నాకే డబ్బు కట్టనిచ్చాను.

ఎత్తు దగ్గర అసలు పేచీ. మా గరాజ్ కప్పు పదడుగుల రెండంగుళాలు, అంటే 122 అంగుళాలు. కింద నా వ్యాన్, పైన మియాటా అని వీళ్ళ ప్లాను. వ్యాన్ 70, మధ్యలో ఖాళీ 4, పట్టా మందం 5, మియాటా 49. మొత్తం 128. కారు నెత్తి కప్పులోకి దూరాలి మరి! ఆయన కామ్రీ అయితే 57 అంగుళాలే, మొత్తం 115తో సరిపోతుంది. అందులోనూ లాకులు మెట్లు మెట్లుగా ఉంటాయి, మనక్కావలసిన ఎత్తులోనే ఆగవు. అక్కడ ఇంకో రెండు మూడంగుళాలు పోతాయి. అందుకని కింద కామ్రీ, నా వ్యాన్ దాని చోట అది.

కప్పు కొలిచేవాళ్ళు చాలామంది తలుపుని మర్చిపోతారు. గరాజ్ తలుపు తెరిస్తే అది మడతలు మడతలుగా వెనక్కి వచ్చి పైకారు ఉండాల్సిన చోటే పడుకుంటుంది. మధ్యలో వేలాడే మోటారు సరేసరి. తలుపు పట్టాలు కప్పుకి దగ్గరగా జరిపించి, మోటారు తీసేసి పక్క గోడకి బిగించేది పెట్టించాం. తలుపు స్ప్రింగు జోలికి మావారిని వెళ్ళనివ్వలేదు. ఆ స్ప్రింగులో ఉండే బిగువు చేతులు విరగ్గొడుతుంది, దానికి పనివాడే రావాలి.

ఇక నాణ్యం. అమెరికాలో ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ అని 1945లో పెట్టిన సంస్థ ఉంది. దాని ప్రమాణాల ప్రకారం పరీక్షించి నెగ్గిన మోడళ్ళకి బంగారు రంగు లేబుల్ ఉంటుంది, ఆ జాబితా వాళ్ళ సైటులో ఎవరైనా చూడొచ్చు. ఇక్కడ మాటల గారడీ గమనించండి. ‘ప్రమాణాలకు అనుగుణంగా’, ‘విడిభాగాలు పరీక్షించినవి’ అని ఘనంగా రాస్తారు. అవి వేరు, ఆ మోడల్ నంబరు జాబితాలో ఉండడం వేరు. కంపెనీ పేరు కాదు, మోడల్ నంబరు వెతకాలి. తెలుగు చదువుకున్నందుకు విశేషణం ఏదో నామవాచకం ఏదో చూసే అలవాటు నాకు ఇన్నాళ్ళకి ఇలా పనికొచ్చింది. లేబుల్ ఉన్నదానికి ఏడెనిమిది వందల డాలర్లు ఎక్కువైంది. పండక్కి కొందామనుకున్న నెక్లెస్ వాయిదా వేశాను. మావారు దాన్ని త్యాగం అన్నారు, నేను ఇన్సూరెన్స్ అన్నాను.

లారీవాడు దించి లోపల పెట్టడని ముందే కనుక్కోవడం మంచిదైంది. ఇద్దరు మనుషుల్నీ, ఫోర్క్‌లిఫ్ట్‌నీ మాట్లాడుకున్నాం. ఎలక్ట్రీషియన్ వచ్చి 220 వోల్టుల లైను విడిగా లాగాడు. ఆ స్విచ్‌కి తాళం పెట్టించాను. తాళంచెవి పోపులపెట్టె పక్కన ఉంటుంది.

లిఫ్ట్ పైకి లేస్తుంటే నాలుగు స్తంభాల్లోనూ లాకులు టక్ టక్ మని పడతాయి. కావలసిన ఎత్తుకి వెళ్ళాక మళ్ళీ కాస్త కిందికి దించి నాలుగింటి మీదా కూర్చోబెట్టాలి. అప్పుడు బరువు నూనె ఒత్తిడి మీదా తీగల మీదా కాకుండా ఇనుము మీద ఉంటుంది. ఆ నాలుగూ కూర్చున్నాయని స్తంభం స్తంభం దగ్గరికీ వెళ్ళి కళ్ళతో చూడకుండా కింద అడుగు పెట్టకూడదు. ఇది మా ఇంటి చట్టం. మొదటివారం మా అబ్బాయి “అమ్మా, ప్రతిసారీనా?” అన్నాడు. ఇప్పుడు వాడే వాళ్ళ నాన్నకి గుర్తుచేస్తున్నాడు. పైకారు నుంచి ఆయిల్ చుక్కలు కింది కారు మీద పడకుండా పట్టాల మధ్య రేకు పళ్ళాలు కూడా పెట్టాలి, అవి విడిగా కొనాలి.

ఇప్పుడు వాళ్ళిద్దరూ నిలబడి పనిచేస్తున్నారు. మాటలు ఇదివరకటి కన్నా బాగా వినిపిస్తున్నాయి.

మొన్న వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. గాల్లో ఉన్న కారుని చూసి కాసేపు ఏమీ అనలేదు. మావయ్య తన సొంత తమ్ముడు మరి. తర్వాత, “ఏదీ, దేనిమీద ఆగిందో అది చూపించు” అంది. ఫోను స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి లాకు చూపించాను.

“ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయే?”

“నాలుగు స్తంభాలకీ ఉన్నాయమ్మా.”

“నాలుగూ చూపించు.”

చూపించాను. నాలుగోది చూశాక కళ్ళజోడు తీసి పైటచెంగుతో తుడుచుకుంది.

“సరేలే. మరి బియ్యం బస్తాలు ఎక్కడ పెట్టావిప్పుడు?”